ఒంటివరుస

కాగితం మిల్లులో నాణ్యత పరీక్షించే గదిలో ఆమెను అందరూ ఒంటివరుస అంటారు. ఏం రాసినా, సెలవు చీటీ అయినా సరే, ఒక్క వరుస దాటదు. కాపురానికొచ్చిన రోజు అత్తగారితో ఒక్క మాటే అందనీ, దానికే ఆవిడ వారం రోజులు నవ్వారనీ మిల్లంతా చెప్పుకుంటారు.

కాగితం మందం సగటు నుంచి ఎంత తేడా పడుతోందో లెక్కకట్టే ప్రోగ్రాం పన్నెండు పేజీలుండేది. ఒంటివరుస కొత్త కంప్యూటరు భాషొకటి నేర్చుకుంది. అందులో పట్టిక మొత్తాన్ని ఒక్క అంకెలా పట్టుకోవచ్చు, ప్రతి పనికీ ఒక గుర్తు. మూడు నెలలు కుస్తీ పట్టి, ఆ పన్నెండు పేజీలనూ ఒక్క వరుసలోకి దించింది.

"ఏంటమ్మా ఇది, కీబోర్డు మీద కోడి నడిచిందా?" అన్నాడు మేనేజరు.

"సూత్రం సార్. పుస్తకంలో ఎలా ఉందో అలాగే."

"నువ్వు రాకపోతే ఎవరు చదవాలి? శుక్రవారంలోగా నువ్వు కాక ఇంకొకరు చదివి చెప్పాలి. లేదా చెరిపేస్తా."

ఆమె గుర్తుల అర్థాలు మాత్రం అట్టముక్క మీద రాసిచ్చింది; ఎటు నుంచి చదవాలో రాయలేదు. అందరూ ఎడమ నుంచి మొదలెట్టారు. "ముందు వర్గమూలం... దేనికి?" అని అక్కడే చతికిలబడ్డారు. పెద్ద ఇంజినీరు బుర్ర గోక్కున్న ధాటికి ఒక పక్క బట్టతల వచ్చిందని వినికిడి.

శుక్రవారం మధ్యాహ్నం, కోడలు మరిచిపోయిన క్యారేజీ పట్టుకుని అత్తగారొచ్చారు. చంకలో ఊలు సంచీ.

"మొహం అలా వేలాడేశావేంటమ్మాయ్?"

"ఇది ఎవరూ చదవలేకపోతున్నారత్తయ్యా."

ఆవిడ కళ్లజోడు పెట్టుకుని, "ఓస్, అల్లిక పటంలా ఉంది!" అన్నారు.

"మామ్మగారూ, అది లెక్క," అన్నాడు మేనేజరు.

"అల్లిక లెక్క కాకపోతే నీ స్వెట్టరుకి మూడు చేతులొచ్చేవి నాయనా." అల్లికలో సూది నడిచేది కుడి నుంచి ఎడమకి; ఆ దారినే ఆవిడ వరుస కుడి చివర వేలు పెట్టారు. అట్టముక్క చూసుకుంటూ కదిలారు. "ఇవి మందాలు. వాటి సగటు. ప్రతి మందంలోంచీ దాన్ని తీసెయ్. వచ్చినవాటికి వర్గం. మళ్లీ సగటు. ఆఖర్న వర్గమూలం, ముడేసెయ్. వర్గమంటే ఏంటో నాకు తెలీదు బాబూ, దేని మీద చెయ్యాలో మాత్రం తెలిసింది."

పెద్ద ఇంజినీరు బుర్ర గోక్కోవడం మానేశాడు. మేనేజరు ఆ వరుసను కుడి నుంచి తనే ఒకసారి చదువుకుని, "ఉండనీ," అన్నాడు.

పాత పన్నెండు పేజీలు అత్తగారు పట్టుకుపోయారు. వెనకవైపు తెల్లగా ఉందిగా, అల్లిక పటాలు గీసుకోవడానికి.