ఊ కొట్టిన నోళ్లు

మా పక్కింటి ఓబుళేశు సారుది మెత్తని మనసు. ఆలూరులో ఎవరినడిగినా ఆ మాటే చెబుతారు. నాకు మాత్రం ఆయన్ను చూస్తే ఒళ్లు మండుతుంది, ఆ వెంటనే జాలీ వేస్తుంది.

రిటైరయ్యాక ఆయనకు కథలు చదివి వినిపించే పిచ్చి పట్టుకుంది. విత్తనం శనక్కాయలు మిషన్లో వేస్తే పప్పు బద్దలవుతుందని వాళ్లింట్లో ఇప్పటికీ చేత్తోనే వొలిపిస్తారు. కూలికొచ్చిన ఆడవాళ్లు వాకిట్లో కూర్చుని వొలుస్తుంటే, ఈయన కుర్చీ వేసుకుని బానిసల కథలున్న పాత పుస్తకం చదివేవాడు. మనుషులంతా ఒకటేనమ్మా అంటూ కళ్లు తుడుచుకునేవాడు. వింటున్నవాళ్లు ఊ కొట్టాలి. అది ఆయన భార్య రామేశ్వరమ్మ పెట్టిన నియమం. ఊ అనే నోరు పప్పులు నమలదు కదా! ఈ సంగతి వాకిట్లో అందరికీ తెలుసు. ఈ మహానుభావుడికి తెలియదంటే నేను నమ్మను. తెలిసీ పట్టించుకోలేదు, అంతే.

కూలికొచ్చేవాళ్లలో కృపమణి అంటే ఆయనకు ప్రత్యేకమైన అభిమానం. "ఆ పిల్ల ఏమాయె సారూ?" అని ఆమె అడిగితేనే ఆయనకు చదివినట్టుండేది.

పోయిన వేసవిలో ఒకరోజు, వంట చేసే బానిస రుచి చూడకుండా దొర ఆమె మూతికి ఇనుప చిక్కం బిగించే ఘట్టం వచ్చింది. నూర్పిళ్లప్పుడు ఎద్దులకు కడతామే, అలాంటిది. సారు చదవడం ఆపి కళ్లు తుడుచుకున్నాడు. వాకిట్లో ఎవరూ ఊ అనలేదు.

"ఏమే, సప్పుడు లేదు? నమలతాండారా?" లోపలినుంచి రామేశ్వరమ్మ కేక.

భార్యను ఒక్క మాట అనాల్సింది పోయి, ఈయన అలవాటుకొద్దీ, "ఊ అనమ్మా కృపమణీ" అన్నాడు!

ఆమె ఒళ్లోని తొక్కలు దులుపుకుని లేచింది. ఆయన ముందు నిలబడి నోరు తెరిచి చూపించింది.

"సూడు సారూ, నోట్లో ఏమీ లేదు."

అలా వెళ్లిపోయిన మనిషి మళ్లీ ఆ వాకిలి తొక్కలేదు.

అప్పట్నుంచీ సారుకు అదే దిగులు. పుస్తకం ముట్టలేదు. "తప్పయిందని ఆమెతో చెప్పుకోవాలక్కా, నువ్వు తోడు రా" అని మొన్న నన్ను బతిమాలాడు.

"ఆ పొద్దు నోరు యాడ పెట్టుకున్నావప్పా?" అని కడిగేసి, సరేలెమ్మని వెళ్లాను.

కృపమణి ఆదరంగానే మంచం వాల్చింది. సారు తలొంచుకుని మంచం అంచున కూర్చున్నాడు. ఆమె లోపలికి వెళ్లి, పళ్లెం నిండా వేయించిన శనక్కాయలు తెచ్చి ఆయన ఒళ్లో పెట్టింది.

"తిను సారూ. ఈడ ఊ కొట్టే పని లేదు."

ఆయన ఒక కాయ వొలిచాడు. ఆ పప్పు నోట్లో వేసుకోలేక, చేతిలోనే పెట్టుకుని కూర్చున్నాడు.