పాప గుడ్డల మీద నల్లమరకలు

మా ఆయన పిస్టల్ కొంటాడంటే మొదట నేను నమ్మలేదు. బొద్దింక కనబడితే కుర్చీ ఎక్కే మనిషి! అమెరికాలో ఈ ప్లేనో ఊరికి వచ్చాక ఆఫీసు స్నేహితులు ఒకసారి షూటింగ్ రేంజ్‌కి తీసుకెళ్ళారు, అంతే, పిచ్చి పట్టుకుంది. సిటిజెన్‌షిప్ రాగానే చిన్న పిస్టల్ కొన్నాడు. ఆ తర్వాత దానికి సప్రెసర్ కావాలన్నాడు. పిస్టల్ మూతికి బిగించే లావుపాటి గొట్టం అది, పేలినప్పుడు చప్పుడు తగ్గిస్తుంది. వేలిముద్రలిచ్చి, అనుమతి కోసం నెలల తరబడి ఎదురుచూశాడు. నా కాన్పు కోసం కూడా అంతలా ఎదురుచూసినట్టు నాకు గుర్తులేదు.

రేంజ్‌కి వెళ్ళొచ్చిన ప్రతి ఆదివారం గరాజ్‌లో బాసింపట్టు వేసుకుని కూర్చునేవాడు. గొట్టం మూత తిప్పి, లోపలున్న గిన్నెల్లాంటి బిళ్ళల్ని ఒక్కొక్కటే బయటికి తోసి, ఏదో నూనె పోసి, పాత టూత్‌బ్రష్‌తో తోమి, గుడ్డతో తుడిచేవాడు. తియ్యకపోతే మసి అట్టలు కట్టి బిళ్ళలు లోపలే ఇరుక్కుపోతాయట. తాగిన గ్లాసు సింక్‌లో వెయ్యడానికి ఒళ్ళు బరువు గానీ, ఆ బిళ్ళల్ని మాత్రం తళతళలాడించి వరసగా పేర్చేవాడు. నేను చూసి పళ్ళు నూరుకునేదాన్ని.

అప్పటికి పాప పాకుతోంది. దాన్ని చూసుకోవడానికి మా అత్తయ్య ఇండియా నుంచి వచ్చారు. వస్తూ వస్తూ తన పాత నేతచీరలు చింపి, అంచులు కుట్టి, సూట్‌కేస్ నిండా పాప గుడ్డలే తెచ్చారు. "ఇక్కడి డైపర్లూ, వైప్సూ నాకు తెలీవమ్మా. పసిదాని ఒంటికి ఇదే మెత్తన" అనేవారు. ఇంట్లో దీపం మీద పట్టిన కాటుక కూడా తెచ్చి రోజూ దిద్దేవారు. పాపకి ఆ గుడ్డ కొస నోట్లో పెట్టుకుంటే గానీ నిద్ర వచ్చేది కాదు.

ఏడాది చెకప్‌లో డాక్టరు పాప వేలు పొడిచి రక్తం తీశారు. మర్నాడు క్లినిక్ నుంచి ఫోన్. రక్తంలో సీసం ఎక్కువగా కనబడుతోంది, నరంలోంచి రక్తం తీసి మళ్ళీ చూడాలి, ఈలోపు ఇంట్లో సీసం ఎక్కడుందో వెతకండి అని చెప్పారు. పాత పెయింటా, బొమ్మలా, ఇండియా మసాలాలా, కాటుకా అని అడిగారు. సీసం పిల్లల మెదడుకి దెబ్బ అని కూడా అన్నారు. ఆ మాట విన్నాక పాప నవ్వినా భయమే, నవ్వకపోయినా భయమే. పిలిస్తే వెంటనే తిరిగి చూడలేదంటే చప్పట్లు కొట్టి మళ్ళీ పిలిచేదాన్ని.

మా ఆయన గంటసేపు గూగుల్ చేసి తీర్పు చెప్పేశాడు.

"అమ్మా, నీ కాటుకే! అందులో లెడ్ ఉంటుంది. ఎన్నిసార్లు చెప్పాను వద్దని?"

"ఒరే, నా చేత్తో పట్టిన కాటుకరా. నీక్కూడా అదే పెట్టాను" అన్నారు అత్తయ్య.

"చూడు మరి, ఆ గుడ్డల నిండా నల్లమరకలే. అన్నీ అది నోట్లో పెట్టుకుంటోంది!"

మరకలున్న మాట నిజమే. ఎన్నిసార్లు ఉతికినా పోవడం లేదు. అతను కాటుక భరిణె తీసుకెళ్ళి చెత్తడబ్బాలో పడేశాడు. పసుపూ, కారం, రాగిచెంబూ దాని వెనకే పోయాయి. అత్తయ్య ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు. నాకు జాలేసింది, కానీ నిజం చెప్పొద్దూ, కాటుకే కారణమైతే బాగుండునని కూడా అనిపించింది. కారణం దొరికితే భయం తీరుతుంది కదా.

రెండో పరీక్షకి రక్తం ఇచ్చొచ్చి ఫోన్ కోసం ఎదురుచూస్తున్నాం. ఆ ఆదివారం మధ్యాహ్నం అత్తయ్య వంటింట్లోకి ఒక గుడ్డ పట్టుకొచ్చారు.

"అమ్మాయ్, ఇది చూడు. కాటుక మానేశాం కదా, మరి ఈ నలుపెక్కడిది?"

"ఎక్కడ దొరికింది అత్తయ్యా?"

"ఎప్పుడూ ఉండేచోటే. వాషింగ్ మెషీన్ మీద."

మా వాషింగ్ మెషీన్ గరాజ్ తలుపు పక్కనే ఉంటుంది. గుడ్డ ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఆదివారాలు మా ఆయన చేతులనుంచి వచ్చే నూనె వాసన. గరాజ్‌లోకి పరిగెత్తాను. అతను బిళ్ళలు తుడుస్తున్నాడు. చేతిలో అదే చీర అంచు.

"ఏమండీ, ఆ గుడ్డ ఎక్కడిది?"

"ఇదా? లాండ్రీ బుట్టలోది. పాత రాగ్ కదా."

"పాత రాగా? అది పాప గుడ్డండీ! ఆ మసిలో ఏముంటుంది? చెప్పండి, ఏముంటుంది?"

అతను గుడ్డ కింద పడేశాడు. "తూటాలు... లెడ్‌వే" అన్నాడు మెల్లిగా.

నోటికొచ్చినట్టు తిట్టాను. అంతకుముందు ఎప్పుడూ అతన్ని అలా తిట్టలేదు, అదీ వాళ్ళమ్మ ముందు. తుడిచి మెషీన్ మీద పడేసేవాడట. పారేయడం చేతకాని అత్తయ్య వాటిని ఏరి, ఉతికి, మడతపెట్టి పాప గుడ్డల్లో కలిపేవారు. కొడుకుని తిడతారేమోనని చూశాను. ఆవిడ తన అరచేతులు చూసుకుంటున్నారు.

"నేనే కదమ్మా, ఉతికి ఉతికి దాని నోటికిచ్చాను" అన్నారు.

మర్నాడు క్లినిక్ నుంచి ఫోన్ వస్తే గుడ్డల సంగతి చెప్పాను. సీసం ఎక్కువే గానీ, మందులు అవసరం లేదు, కారణం పోయింది గనక తగ్గుతుందన్నారు. గుడ్డలన్నీ పారేశాం. సప్రెసర్ ఇంట్లో విప్పనని ముందు ఒట్టేశాడు, చివరికి దాన్నీ పిస్టల్‌నీ అమ్మేశాడు. కొన్ని నెలలకి మళ్ళీ పరీక్ష చేస్తే మామూలుకి వచ్చిందన్నారు. అప్పటికి అత్తయ్య ఇండియా వెళ్ళిపోయారు. ఫోన్‌లో చెబితే ఏడ్చేశారు. మా ఆయన "సారీ అమ్మా" అన్నాడు. ఆవిడ "నువ్వేం చేశావురా" అన్నారు.

ఆవిడ మళ్ళీ వచ్చేసరికి పాపకి మాటలొచ్చాయి, గలగలా వాగుతోంది. ఎయిర్‌పోర్ట్‌లో "నానమ్మా!" అంటూ పరిగెత్తుకెళ్ళి చేతులు చాచింది. అత్తయ్య వంగబోయి ఆగిపోయారు. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, "ఉండమ్మా, ముందు చేతులు కడుక్కొస్తాను" అన్నారు.