పాత హోటల్ గదుల్లో పొగ

ఈ మాట చాలా ఏళ్లు నా గొంతుకు అడ్డం పడి ఉండిపోయింది. మింగుడు పడలేదు, బయటికీ రాలేదు. మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మేలు, తెలిసినవాళ్ల ముందు ఇన్నాళ్లూ నాకు నోరు పెగల్లేదు. నాకు నోరు పెగల్లేదంటే మా బజార్లో ఎవరైనా పగలబడి నవ్వుతారు. నన్ను అందరూ నోరుగల మనిషి అంటారు మరి. సంతరోజు ఎవడైనా టీ తాగి డబ్బులివ్వకుండా జారుకుంటే రోడ్డు చివరిదాకా వెంటపడి వాడి తాతముత్తాతల్ని కూడా కలిపి తిడతాను. అలాంటిదాన్ని ఒక్క నిజం చెప్పడానికి ఇన్నేళ్లు నోరు కట్టుకుని కూర్చున్నాను.

నాది అరకులో స్టేషనుకు వెళ్లే దారిలో టిఫిన్ దుకాణం. విజయనగరం వైపు నుంచి పెళ్లి చేసుకుని ఈ కొండల మీదికి వచ్చాను. మా ఆయన పోయాక ఆ దుకాణమే నాకింత అన్నం పెట్టింది. పదో తరగతి చదివాను. పొట్లం కట్టిన కాగితం కూడా చదవకుండా పారేయను. అందుకే రాయగలుగుతున్నాను.

దుకాణం పాత హోటల్ ప్రహరీగోడకి ఆనించి కట్టింది. ఆ హోటల్‌ని మీరు చూసే ఉంటారు. పెంకుల కప్పు, రెండంతస్తులు, చుట్టూ వరండా, లోపల టేకు మెట్లు. ఒకప్పుడు షూటింగులకు వచ్చిన సినిమావాళ్లు అక్కడే దిగేవారు. కొత్తగా పెళ్లయిన జంటలు పొద్దున్నే శాలువాలు కప్పుకుని వరండాలో పేము కుర్చీల్లో కూర్చునేవారు. నా పెసరట్లు వేడివేడిగా వాళ్ల దగ్గరికి వెళ్లేవి. తర్వాత కొండవాలుల్లో రిసార్టులు వచ్చాయి, గుడారాలు వచ్చాయి. పాత హోటల్‌కి జనం పల్చబడ్డారు. యజమాని పోయాడు. కొడుకులు పంచుకోలేక తాళం వేసి పట్నం వెళ్లిపోయారు.

ఇప్పుడు ఒక పక్క కప్పే లేదు. మెట్ల మీద నాచు పట్టింది. 'త్వరలో ప్రారంభం' అని రాసిన ఫ్లెక్సీ గేటుకు ఇంకా వేలాడుతోంది. అందులోని ఈతకొలను ఎండకి వెలిసి తెల్లబోయింది. మళ్లీ తెరిచే పని ఎందుకు ఆగిందని అడిగితే ఒకడు కోర్టు కేసంటాడు, ఒకడు బ్యాంకు అప్పంటాడు. అవీ నిజమే. కానీ అవన్నీ తర్వాత వచ్చినవి. మొదట ఆపింది నేను.

హోటల్ మూతపడ్డాక దాన్ని చూసుకున్నది బుద్రి. అవతలి కొండ మీది ఊరి మనిషి. వయసులో ఉన్నప్పటి నుంచి ఆ గదులు ఊడ్చింది. తాళం వేసినా ఊడవడం మానలేదు. యజమాని కొడుకులు అప్పుడప్పుడూ పంపే జీతం కోసం కాదు. అది లేని నెలల్లోనూ వచ్చేది. మా వానాకాలం సంగతి మీకు తెలుసో లేదో, మూసిపెట్టిన గదికి వారంలో బూజు పడుతుంది. పరుపులు కంపు కొడతాయి, గబ్బిలాలు చేరతాయి. అందుకని బుద్రి సాయంత్రం కిటికీలన్నీ తీసి, ఒక్కో గదిలో గుగ్గిలం, ఎండిన వావిలాకు వేసి పొగ పట్టేది. పొగ పడుతూ ఏదో గొణిగేది. ఏమిటని ఒకసారి అడిగాను. గబ్బిలాలను వాళ్ల భాషలో తిడుతోందట! ఇద్దరం కడుపుబ్బా నవ్వుకున్నాం. నన్ను సెల్లీ అనేది. నేను బుద్రక్కా అనేదాన్ని.

ఆ పొగకి నిప్పులు నా పొయ్యిలోవి. అప్పట్లో నాది కట్టెల పొయ్యి. రోజూ సాయంత్రం బుద్రి పాత మూకుడు పట్టుకొచ్చేది, నేను పటకారుతో నిప్పులు తీసి అందులో వేసేదాన్ని. ఈ సంగతి మీరు గుర్తుపెట్టుకోండి. ఎందుకు పొగ వేస్తోందో ఆ బజారు మొత్తంలో తెలిసినదాన్ని నేనే.

ఒక ఏడాది ఎండాకాలం చివర్లో విశాఖపట్నం నుంచి ఏదో కంపెనీ వచ్చింది. హోటల్‌ని బాగుచేసి మళ్లీ తెరుస్తారన్నారు. బుద్రి మొహం చూడాలి అప్పుడు! తను కాపాడిన గదుల్లో మళ్లీ దీపాలు వెలుగుతాయని సంబరపడిపోయింది. కింద నుంచి పనివాళ్లు వచ్చారు. ఒక పక్క పెంకులు దించారు. అదే వారం ఇంజినీరు నా దుకాణంలో ఇడ్లీ తింటూ, కొత్త గేటు సరిగ్గా ఇక్కడే వస్తుందమ్మా, నువ్వు ఖాళీ చెయ్యాలి అన్నాడు. ఇంకో చట్నీ వేయించుకున్నాడు. ఎక్కడికి పోను? ఎవరున్నారు నాకు?

మర్నాడు మేస్త్రీ టీ తాగుతూ అడిగాడు, ఆ ముసలమ్మ ఖాళీ గదుల్లో పొగెందుకు వేస్తోంది, ఏమిటా గొణుగుడు అని. చెమ్మకి అని చెప్పచ్చు. గబ్బిలాలకి అని చెప్పి నవ్వచ్చు. నేను గొంతు తగ్గించి, "నాకేటి తెలుసు నాయినా. ఆ గదుల్లో పడుకున్నోలు ఒక్కలూ మల్లీ రానేదు. నువ్వు మాత్రం జాగర్త" అన్నాను.

అబద్ధమా అది? తాళం వేసిన హోటల్‌కి ఎవరు మళ్లీ వస్తారు? ఆ మాటలోని ఒక్కో ముక్కా నిజమేనని ఎన్ని రాత్రులు నాకు నేనే సర్దిచెప్పుకున్నానో. నాలుగు రోజులు పని ఆగితే చాలు, ఈలోగా ఎవరినో ఒకరిని పట్టుకుని దుకాణం నిలబెట్టుకోవచ్చు, అంతే అనుకున్నాను. చేతబడి అన్న మాట నా నోట రాలేదు. రానక్కరలేదని నాకు తెలుసు. సగం చెప్పి వదిలేస్తే మిగతా సగం వాళ్లే పూర్తి చేసుకుంటారని నాకు బాగా తెలుసు.

వానలు మొదలయ్యాయి. ఒక కూలీకి మలేరియా పట్టుకుంది. మా దగ్గర వానాకాలం ఎవరికి రాదు? ఇంకొకడు తడిసిన పెంకు మీద కాలుజారి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. బజారంతా ఒకటే మాట, చిల్లంగి. ఈ కొండల్లో చేతబడిని అలాగే అంటారు. పనివాళ్లు సామాను సర్దుకుని బస్సెక్కారు. మళ్లీ ఎవరూ పనికి రాలేదు. పెంకులు దించిన పక్క ఆ ఏడాది వాన మొత్తం లోపలే కురిసింది. దుకాణం మాత్రం మిగిలింది.

మొదట బుద్రి ఊరివాళ్లు ఈ మాట నమ్మలేదు. పనివాళ్లని చూసి నవ్వారు కూడా. కొండవాళ్లు ఇట్టే నమ్మేస్తారని కిందివాళ్లం అనుకుంటాం కానీ, ముందు నమ్మింది మావాళ్లే. తర్వాత బుద్రి మనవరాలికి జ్వరం వచ్చింది. నెలల పిల్ల. జ్వరం ఎంతకీ దిగలేదు. అప్పుడు బజారు మాట ఆ ఊరికీ ఎక్కింది. కోడలు పిల్లని బుద్రి చేతుల్లోంచి లాక్కుంది. కొడుకు సుక్ర అడ్డం చెప్పలేదు. బుద్రి ముట్టిన నీళ్లు ఎవరూ తాగడం లేదన్నారు.

ఒక సాయంత్రం బుద్రి వచ్చింది. చేతిలో మూకుడు లేదు.

"సెల్లీ, ఒక్కపాలి మా ఊరొచ్చి సెప్పు. నిప్పులు నివ్వే ఇచ్చినావు గదా. ఎందుకో నీకెరిక గదా" అంది.

"దుకానం ఇడిసి ఎలగ రాను బుద్రక్కా?" అన్నాను.

"మూసీసిన తరవాతే రా. నాను కూసుంతాను. గుంటని ఎత్తుకోనిత్తనేదు సెల్లీ. ఏడత్తాది, నా దగ్గరకే సేతులు సాపతాది. అయినా ఇయ్యనేదు."

"రేపు సూద్దాం" అన్నాను.

బల్ల మీద చాలాసేపు కూర్చుంది. టీ ఇచ్చాను. తాగి, గ్లాసు తనే కడిగి బోర్లించి వెళ్లింది. తను ముట్టిన గ్లాసు కదా, నాకు ఇబ్బందవుతుందని. ఆ రేపు రాలేదు. నేను వెళ్లలేదు. కొన్నాళ్లకి రాజవొమ్మంగి అవతల ఎక్కడో అక్క ఉందని, అక్కడికి వెళ్లిపోయిందని తెలిసింది. అక్కడే పోయింది. ఆ కబురు చెప్పింది సుక్ర, నా దుకాణంలో, టీ తాగుతూ.

ఇదీ అసలు బరువు. సుక్ర ప్రతి శుక్రవారం సంతకి వస్తాడు. కాఫీ గింజలో, పిప్పళ్లో అమ్ముకుని నా బల్ల మీద కూర్చుంటాడు. నన్ను పిన్నీ అంటాడు. తల్లిని ఇంట్లోంచి పోనిచ్చిన మనిషి, దోషం ఆ తల్లిదేనని నమ్మి బతుకుతున్న మనిషి. నేను నిజం చెబితే వాడికి ఆ నమ్మకం కూడా పోతుంది. వాడి మంచికే చెప్పడం లేదని కూడా అనుకున్నాను. చూశారా, నా సిగ్గుమాలినతనం! వాడి మీద దయట నాకు.

పోయిన వారం సంతకి కూతుర్ని తీసుకొచ్చాడు. ఆ నెలల పిల్లే, ఇప్పుడు ఆశ్రమ పాఠశాలలో ఎనిమిదో తరగతి. నా ఉల్లిగారె తింటూ హోటల్ వైపు చూసి, నానమ్మ పనిసేసింది అక్కడేనా నాన్నా అని అడిగింది. సుక్ర చుట్టూ చూసి, ఆ పేరెత్తకు అన్నాడు. కసిరినట్టు కాదు, భయంగా. పిల్ల తల దించుకుంది, గారె అలాగే పట్టుకుని.

ఏం పట్టిందో నాకు. చేతిలో గరిట కింద పెట్టాను. బుద్రక్కకి ఏ విద్యా రాదన్నాను. చెమ్మకి పొగేసేదన్నాను. నిప్పులు నా పొయ్యిలోవే, ఆ పుకారు పుట్టించిన నోరు నాదే, దుకాణం కోసం అన్నాను. మీ అమ్మ వచ్చి బతిమాలింది, నేను రాలేదు అన్నాను. బల్ల మీద కూర్చున్న బేరగాళ్లు అందరూ విన్నారు. విననీ.

సుక్ర అరవలేదు. అరిస్తే బాగుండేది. గ్లాసు వైపు చూశాడు, నా వైపు చూశాడు.

"ఇన్నేల్లూ నాకు టీ ఎలగ పోసినావు పిన్నీ?" అన్నాడు.

కూతురి చెయ్యి పట్టుకుని వెళ్లిపోయాడు. ఇద్దరూ హోటల్ గేటు దగ్గర కాసేపు నిలబడ్డారు. వాడు పైగదుల వైపు వేలు పెట్టి ఏదో చెబుతున్నాడు. పిల్ల తలెత్తి చూస్తోంది. తర్వాత జనంలో కలిసిపోయారు. నిన్నటి సంతలో వాడు ఎదురు దుకాణంలో టీ తాగాడు. నా వైపు తిరగలేదు.

ఎలా పోశాను? అందరికీ పోసినట్టే పోశాను. ఒక చెంచా పంచదార ఎక్కువ వేసేదాన్ని, అంతే. దాన్ని కూడా నేను ప్రాయశ్చిత్తం అనుకున్నానేమో, తెలియదు. క్షమించమని వాడిని అడగలేదు, మిమ్మల్నీ అడగడం లేదు. క్షమించగల మనిషి గ్లాసు కడిగి బోర్లించి వెళ్లిపోయింది.

ఇంకొక్కటి మిగిలింది, అదీ చెప్పేస్తాను. సుక్రకి నిజం చెప్పిన రోజు రాత్రి నాకు హాయిగా నిద్ర పట్టింది. ఎన్నో ఏళ్ల తర్వాత. ఆ రాత్రి వాడికి పట్టి ఉండదు.