ముందు పడిపోయిన చెయ్యి, తర్వాత మంచి చెయ్యి

ఆ రోజు పొద్దున నా చేతిలో ఉన్నది చిన్నపిల్లాడి చొక్కా. బందరులో మా ఇంటి వరండాలో తాడు కట్టి, దాని మీద చొక్కాలు, గౌన్లు, మేజోళ్ళు, అరబ్బు ఆడవాళ్ళు పైన తొడుక్కునే పాత అబాయా ఒకటి వేలాడదీసి, గల్ఫ్ వెళ్ళబోయే ఆడవాళ్ళకు పాఠం చెబుతున్నాను. పాఠమంటే పెద్ద చదువేం కాదు. బట్టల పేర్లు, బట్టలు తొడిగేటప్పుడు అనాల్సిన మాటలు. ఇంగ్లీషులో ఒకసారి, అరబ్బీలో ఒకసారి. షర్ట్, గమీస్. సాక్స్, జవారిబ్. స్లిప్పర్స్, నఆల్. అక్కడ ఇంటిపనికి వెళ్ళిన మనిషికి తెల్లారిన దగ్గర్నుంచి ఇస్త్రీ చెయ్యడం, పిల్లల్ని తయారుచెయ్యడం, ముసలివాళ్ళకు తొడగడం, ఇదే పని. నేను కువైట్‌లో ఏళ్ళ తరబడి ఒక ముసలావిడకు బట్టలు తొడిగి వచ్చినదాన్ని. నాకు తెలిసిన విద్య అదే.

చొక్కా చెయ్యి పట్టుకుని "స్లీవ్" అనబోయాను. మాట రాలేదు. నోట్లోంచి ఇంకేదో శబ్దం వచ్చింది. ఎదురుగా కూర్చున్నవాళ్ళు నవ్వారు, నేను ఎవరినో వెక్కిరిస్తున్నాననుకున్నారు. నేను రోజూ ఎవరినో ఒకరిని వెక్కిరిస్తూనే ఉంటాను లెండి. మళ్ళీ అనబోయాను. మళ్ళీ అదే శబ్దం. కుడిచేతిలోంచి చొక్కా జారి కింద పడింది. వంగి తీద్దామంటే ఆ చెయ్యి నాది కానట్టే ఊరుకుంది.

"అయ్యో, ఆంటీ మూతి ఓ పక్కకి వెళ్ళిపోతోంది చూడండే!" అంది షమీమ్. షమీమ్ మా వీధి చివర ఉండే అమ్మాయి. నా దగ్గర నేర్చుకునేవాళ్ళలో అందరికంటే చురుకైనది.

మా ఆయన పెడన రోడ్డులో ఆటో నడుపుతాడు. ఫోన్ చేస్తే పరుగెత్తుకొచ్చాడు. వచ్చి, "ఎండకి కళ్ళు తిరిగుంటాయి రత్నం, కాస్త మజ్జిగ తాగి పడుకో," అన్నాడు. మజ్జిగ సగం పెదవి పక్కనుంచి కారిపోయింది. పడుకున్నాను. లేచేసరికి మధ్యాహ్నం దాటింది, కుడికాలు కూడా పనిచెయ్యడం లేదు.

అప్పుడు భయపడి నన్ను ఆటోలో కూర్చోబెట్టాడు. కూర్చోబెట్టాడు గానీ ఆస్పత్రి వైపు తిప్పలేదు. పక్షవాతానికి పసరు పోసే ఊరొకటి ఉందని ఎవరో చెప్పారట, అక్కడికి బయల్దేరాడు. పావురం రక్తం రాసినా చెయ్యి లేస్తుందని పక్కింటివాళ్ళ వత్తాసు. మా వైపు ఇది మామూలే. పక్షవాతం అనగానే ముందు పసరు, డాక్టరు ఆ తర్వాతే. వద్దని అరుద్దామంటే నాకు నోరు పెగల్లేదు. షమీమే ఆటోకి అడ్డంగా నిలబడింది. "బాబాయ్, పసరు ఎక్కడికీ పోదు. ముందు స్కానింగ్‌కి పదండి. మీరు తిప్పకపోతే నేను ఇంకో ఆటో పిలుస్తా," అంది. ఆ పిల్ల చల్లగా ఉండాలి.

సీటీ స్కాన్ చూసి డాక్టరుగారు మా ఆయనతో చెప్పారు: "ఇది ఇస్కీమిక్ స్ట్రోక్ అండి. బ్రెయిన్‌లో లెఫ్ట్ సైడ్ క్లాట్ ఉంది. అందుకే రైట్ సైడ్ వీక్‌నెస్. మాట పోవడాన్ని అఫేజియా అంటాం. పొద్దున్నే తెచ్చుంటే క్లాట్ కరిగే ఇంజెక్షన్ ఇచ్చేవాళ్ళం. ఇప్పుడు టైమ్ దాటిపోయింది."

"మాట వస్తుందా అండీ?" అన్నాడు మా ఆయన. 

"ఇప్పుడే చెప్పలేం. చాలామందికి కొంతైనా వస్తుంది. ఫిజియో, స్పీచ్ థెరపీ మానకుండా చేయించండి. బీపీ మాత్రలు ఒక్కరోజు కూడా ఆపొద్దు."

వాళ్ళు మాట్లాడుకున్నదంతా నాకు అర్థమవుతూనే ఉంది. ఏడ్చాను. చెయ్యి పోతే పోయింది, మాట రావాలి దేవుడా అని మొక్కుకున్నాను. దివిసీమలో పుట్టి, గాలివానల్లో గొంతు చించుకుని పెరిగినదాన్ని. నా బతుకు, నా సంపాదన, నా పోట్లాటలు, అన్నీ నోటితోనే. నోరు లేకపోతే నేను లేనట్టే.

ఇంటికొచ్చాక అసలు కష్టాలు మొదలయ్యాయి. మా అమ్మాయి సునీత గుడివాడ నుంచి వచ్చి నా దగ్గర ఉండిపోయింది. చూడ్డానికి చుట్టాలు బారులు తీరారు. వచ్చిన ప్రతివాళ్ళూ మంచం పక్కన కూర్చుని ఒకటే ప్రశ్న: "నన్ను గుర్తుపట్టావా? నేనెవరో చెప్పు చూద్దాం?" ఎందుకు గుర్తుపట్టనూ, నీ పెళ్ళిలో పప్పు మాడిపోయిన సంగతి కూడా గుర్తుంది నాకు! పేరే రావడం లేదు. చెప్పలేకపోతే "అయ్యో పాపం, మనిషిని పోల్చుకోలేకపోతోంది" అని నా ముందే కళ్ళొత్తుకునేవారు. చివరికి ఎవరొచ్చినా గోడ వైపు తిరిగి పడుకునేదాన్ని.

ఇంకో కష్టం బట్టలు. మా ఆయన ప్రేమగానే తొడిగేవాడు, కాదనను. కానీ సులువుగా ఉంటుందని ముందు నా మంచి చెయ్యి దూర్చేసి, ఆ తర్వాత పడిపోయిన చేతిని వెనక్కి తిప్పి లాగేవాడు. జాకెట్టు తొడగడం అయ్యేసరికి ప్రాణం పోయేది. భుజం వాచిపోయింది. అది తప్పని నాకు తెలుసు. కువైట్‌లో నేను మామా అని పిలుస్తూ చూసుకున్న ముసలావిడకి కూడా ఒక పక్క పడిపోయిందే. ఆమెకు ఎలా తొడగాలో అక్కడి నర్సు నాకు చేతులు పట్టి నేర్పింది. నా దగ్గరికి వచ్చినవాళ్ళందరికీ అదే నేర్పాను. సొంత మొగుడికి మాత్రం చెప్పలేకపోయాను. ఇంతకంటే ఖర్మ ఉంటుందా?

ఒకరోజు నొప్పి తట్టుకోలేక అరిచాను. "ఈదిచ్! ఈదిచ్! శ్వై శ్వై!"

స్పష్టంగా వచ్చింది. నేనే బిత్తరపోయాను. మా ఆయన జాకెట్టు వదిలేశాడు. "నాన్నా, అమ్మ అరబ్బీలో ఏదో అంటోంది," అని సునీత పరుగెత్తి షమీమ్‌ను తీసుకొచ్చింది. షమీమ్ విని పకపకా నవ్వింది.

"నీ చెయ్యి ఇవ్వు, మెల్లగా, మెల్లగా అంటున్నారు. ఆంటీ మీకు క్లాసు చెబుతున్నారు బాబాయ్! ఇటు ఇవ్వండి. ముందు పడిపోయిన చెయ్యి, తర్వాత మంచి చెయ్యి. విప్పేటప్పుడు మాత్రం ముందు మంచి చెయ్యి. మాకు ఆంటీ నేర్పిందే ఇది."

పడిపోయిన చేతిని ఒళ్ళో పెట్టి, జాకెట్టు చేతిని దాని మీదికి మెల్లగా జరిపింది. నొప్పి లేదు. "ఇల్బిసీ, ఆంటీ," అంది, అంటే తొడుక్కో అని. నేనూ "ఇల్బిసీ" అన్నాను. అందరం ఏడ్చాం.

తర్వాత ఫిజియో అమ్మాయి వచ్చి, "కరెక్టే అండి, చెయ్యి పట్టి లాగితే షోల్డర్ జారిపోతుంది," అని మా ఆయనకు ఇంకో నాలుగు చీవాట్లు పెట్టింది. విజయవాడలో స్పీచ్ థెరపీ మేడం నా ముందు బొమ్మలు పెట్టి చూశారు. తెలుగు రావడం లేదు, బట్టల పేర్లు మాత్రం అరబ్బీలో వస్తున్నాయి, అక్కడక్కడా ఇంగ్లీషులో వస్తున్నాయి. "రోజూ చేతులతో చేస్తూ అన్న మాటలు కదండీ, అవి ముందు దొరుకుతున్నాయి. ఏ భాషలో వస్తే ఆ భాషలో రానివ్వండి. తెలుగులో చెప్పమని నిలదీయకండి, వెనకాలే వస్తుంది," అన్నారు.

అప్పట్నుంచి వరండాలో మళ్ళీ తాడు కట్టారు. ఈసారి స్టూడెంటు నేను. షమీమ్ బట్ట చూపిస్తుంది, నేను అరబ్బీలో అంటాను, తను ఇంగ్లీషులో అందిస్తుంది, ఆ తర్వాత తెలుగు కోసం వెతుక్కుంటాను. కొన్ని రోజులు ఒక్కటీ వచ్చేది కాదు. మధ్యలో ఒకసారి ఒంటిచేత్తో లంగా బొందు కట్టుకోబోయి పడ్డాను, నుదుటికి కుట్లు పడ్డాయి. ఇక అందరూ కలిసి నన్ను నైటీలోకి నెట్టేశారు. ఎంత సులువో అన్నారు. వాళ్ళకి సులువే! నెలల తరబడి నైటీలో కూర్చుంటే రోగం తగ్గినా మనిషి పేషెంటుగానే ఉండిపోతుంది.

మిగతా మాటలు ఒక్కొక్కటే వచ్చాయి. చొక్కా వచ్చింది, గుండీ వచ్చింది, చెప్పులు వచ్చాయి. చీర రాలేదు. అరబ్బీలో దానికి మాటేదీ నేను ఎన్నడూ వాడలేదు మరి, కువైట్ ఇంట్లో ఆ బట్టే లేదు. ఆధారం లేక ఆ మాట ఎక్కడో ఉండిపోయింది. చీర చేతిలో పట్టుకుని నోరు తెరిచి అలా ఉండిపోయేదాన్ని.

షమీమ్ కువైట్ వెళ్ళిపోయింది. వెళ్ళేముందు నా జాకెట్లకు హుక్కులు తీసేసి వెల్‌క్రో కుట్టించి ఇచ్చింది.

ఆ తర్వాత ఒక ఆదివారం చర్చికి బయల్దేరాం. నైటీ వద్దని సైగ చేసి, గది తలుపు వేసుకున్నాను. మంచం మీద కూర్చుని జాకెట్టు తొడుక్కున్నాను. లంగా కూర్చునే వేసుకుని, బొందు ఒక కొస పళ్ళతో పట్టుకుని ముడేశాను. గోడకు ఆనుకుని ఎడంచేత్తో కుచ్చిళ్ళు పెడుతుంటే జారిపోతాయి, మళ్ళీ పెడతాను, మళ్ళీ జారిపోతాయి. బయట మా ఆయన హారన్ కొట్టాడు. కాసేపాగి మళ్ళీ కొట్టాడు. ఆ తర్వాత తలుపు దగ్గరికొచ్చి, "రత్నం, నేను వచ్చి కట్టనా? టైమవుతోంది," అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఏమయ్యా! చీర కట్టుకుంటున్నా! కాసేపు ఆగలేవా?"

 కాసేపటికి వీధిలోంచి మా ఆయన గొంతు వినపడింది, పక్కింటివాళ్ళతో అంటున్నాడు: "మా ఆవిడ తిట్టిందండీ! శుభ్రంగా తిట్టింది!" ఆ రోజు చర్చికి వెళ్ళేసరికి ప్రసంగం సగం అయిపోయింది.

ఇప్పుడు నేను మళ్ళీ పాఠం చెబుతున్నాను. మాట మధ్యలో ఆగుతుంది, నేర్చుకునే ఆడపిల్లలు ఎదురుచూస్తారు, వస్తుంది. కుడిచెయ్యి పట్టు తక్కువ గానీ చొక్కా ఎత్తి చూపించగలను. బీపీ మాత్ర మానలేదు. ఎవరికైనా మూతి వంకరపోయినా, మాట తడబడినా నిమిషం ఆలస్యం చెయ్యకుండా స్కానింగ్ ఉన్న ఆస్పత్రికి తీసుకెళ్ళాలని డాక్టర్లందరూ చెబుతారు, వినండి. వాళ్ళు చెప్పనిది ఒకటి నేను చెబుతాను. మీ ఇంట్లో ఇలాంటి మనిషి ఉంటే, కాస్త తేరుకున్నాక, ఎక్కడికైనా బయల్దేరే రోజున చాలా ముందుగా లేపండి. బట్టలు మంచం మీద పెట్టి గది బయటికి వచ్చెయ్యండి. పిలిస్తే వినపడేంత దూరంలో ఉండండి. పిలిచేదాకా మాత్రం లోపలికి వెళ్ళకండి.