చప్పుడు విన్నది నేనొక్కదాన్నే

ఎనభైల చివర్లో నేను మహారాష్ట్రలోని నాందేడ్‌లో ఒక ధర్మాసుపత్రిలో గుమస్తాను. మా ఆయన రైల్వే ఉద్యోగం మీద నిజామాబాద్ నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాం. క్షయ రోగులు ఎన్ని సూదులు వేయించుకున్నారో, ఎన్ని నెలల గోళీలు మింగారో కార్డుల మీద రాయడం నా పని. బజారులోని వ్యాపారులు చందాలేసుకుని ఆసుపత్రికి ఒక కంప్యూటర్ కొనిచ్చారు. ఇక ఆఫీసు నడిపే సాహెబ్‌కు కాళ్లు నేల మీద నిలవలేదు. కార్డుల్లో ఉన్నదంతా అందులోకి ఎక్కించమన్నాడు, ఎక్కించాను. ఆ తర్వాత ఆ కార్డులన్నిటినీ, రోగుల చేతుల్లో ఉన్నవాటితో సహా లాక్కుని, పాత కాగితాలు కొనే రద్దీవాడికి తూకానికి వేశాడు. మిషన్ ఉండగా ఈ చెత్తెందుకట!

దసరా ముందు రోజు ఖండే నవమి. ఇక్కడ ఆ రోజు కత్తెర నుంచి లారీ దాకా ప్రతి పనిముట్టుకూ పూజ చేస్తారు. కంప్యూటర్‌ను వదులుతారా? దాన్ని పీట మీద పెట్టి, తెర వెలుగుతుండగా హారతి ఇవ్వాలని సాహెబ్ పట్టు. నడుస్తున్న పెట్టెను కదిలించొద్దని, ఆపి, లోపల తిరిగే హార్డ్ డిస్క్ నిలిచాకే ఎత్తాలని బిగించిన మెకానిక్ నాకు మరీ మరీ చెప్పి పోయాడు. అదే చెప్పాను. "కాయ్ హోత్ నాహీ, బాయీ" అన్నాడు సాహెబ్, ఏం కాదులే అని. వైర్లు సాగినంత మేర ఇద్దరు ఎత్తి, దభీమని పీట మీద దించారు. బంతిపూల దండ వేశారు, దూద్ పేడాలు పంచారు. నాకు ఒళ్లు మండిపోయి పేడా ముట్టలేదు.

పండగ సెలవు తర్వాత చప్పుడు మొదలైంది. ఎప్పుడూ ఉండే సన్నని రొద మధ్యలో టక్, టక్ అని, గోటితో స్టీలు పళ్లెం మీద కొట్టినట్టు. మొదట రోజుకొకసారి, తర్వాత ఫైలు తెరిచినప్పుడల్లా. క్షణంలో వచ్చే పేరు కోసం కూర్చుని ఎదురుచూడాల్సి వచ్చేది. డిస్కును చదవలేకపోతున్నానని తెర మీద పడేది, మళ్లీ మళ్లీ మీట నొక్కితే దారికొచ్చేది. ఒకరోజు ఒక రోగి పేరుండాల్సిన చోట పిచ్చి గీతలు, చుక్కలు. ఇంకేం కావాలి? సాహెబ్‌ను పిలుచుకొచ్చాను. ఆయన ముందు అది ఎంతో బుద్ధిగా పనిచేసింది. ఫ్లాపీలన్నీ ఆయన బీరువాలో తాళం వేసి ఉండేవి. ఇస్తే అంతా నకలు తీసుకుంటానన్నాను. ఫ్యాన్ చప్పుడుకు భయపడే ఆడవాళ్లకు మిషన్లు అప్పగిస్తే ఇంతేనని అందరి ముందూ నవ్వాడు. దొరికిన తీరికలో నోట్‌బుక్కులోకి చేత్తో రాయడం మొదలుపెట్టాను. నాలుగు పేజీలు దాటలేదు.

దీపావళి రాకముందే ఒక పొద్దున అది లేవలేదు. టక్ టక్‌మని కొట్టుకుని ఊరుకుంది. హైదరాబాద్ నుంచి వచ్చిన మెకానిక్ చెవి పెట్టి విని, ఈ చప్పుడు ఎన్నాళ్ల నుంచి ఉందని అడిగాడు. ఇవ్వాళే మొదలైందన్నాడు సాహెబ్, నా ఎదుటే! లోపల ఎక్కించిందంతా పోయింది, ఇక రాదని తేల్చి వెళ్లాడు మెకానిక్.

ఆ వారమే ముద్ఖేడ్ నుంచి ఒక గ్యాంగ్‌మన్ వచ్చాడు. రైలు పట్టాల మీద పని, మా తెలుగాయనే. ఏడాదిన్నర మందులో ఆఖరి నెల గోళీల కోసం వచ్చాడు. రికార్డు లేదు కాబట్టి మొదటి సూది నుంచి మళ్లీ మొదలుపెట్టాలన్నాడు డాక్టర్. ఈయనకు పదిహేడు నెలలు నిండాయని నాకు బాగా గుర్తుందన్నాను. గుర్తుంటే చాలదు, కాగితం చూపించమన్నాడు. నేను రాసుకున్న నాలుగు పేజీల్లో ఈయన పేరు లేదు.

గ్యాంగ్‌మన్ నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. మొదటిసారి వేసిన సూదుల మందుకే ఆయనకు ఒక చెవి వినికిడి పోయింది.

"అక్కా, నా కార్డు మీరే గద తీస్కున్నరు. మల్ల సూదులంటరేంది? గీ చెవు గూడ పోతే ఎనకనుంచి బండొచ్చేది నాకెట్ల తెలుస్తది?"

కొత్త కార్డు తీసి, పదిహేడు నెలలు పూర్తి అని రాసి, కింద నా సంతకం పెట్టి డాక్టర్ ముందు పెట్టాను. ఆయన దాన్ని సాహెబ్‌కు పంపాడు. మర్నాటి నుంచి నన్ను పనిలోకి రావద్దన్నారు. గ్యాంగ్‌మన్‌కు ఆ పూటే మొదటి సూది వేశారు.