నీలి అల్లం

జహీరాబాద్‌లో హైవే దాటి లోపలికి వెళ్తే పదకొండు బ్లాకుల కాలనీ ఒకటుంది. నలభై ఏళ్ల కిందట ఒక సహకార సంఘం కట్టించింది. ఎక్కడా ఒక కమాను లేదు, నగిషీ లేదు. అగ్గిపెట్టెలు నిలబెట్టినట్టు అన్నీ ఒకే ఎత్తు, ఒకే రంగు. ఎవరి ఇల్లు వాళ్లు గుర్తుపట్టడానికని ప్రతి బ్లాకు మెట్ల పక్కన, మనిషి ఎత్తున, కాల్చిన మట్టి పలకలతో ఒక బొమ్మ అతికించారు. హైదరాబాద్ నుంచి వచ్చిన చిత్రకారిణి చేసిన పని అది. అందుకే అక్కడ నంబర్లు ఎవరూ చెప్పరు. చేప బ్లాకు, జొన్నకంకి బ్లాకు, చందమామ బ్లాకు అంటారు. పదకొండో దానికి మాత్రం ఉత్త సిమెంటు గోడ. దాన్ని బోడి బ్లాకు అనేవారు.

రహమతున్నీసా పెళ్లయిన దగ్గర్నుంచి బోడి బ్లాకులోనే ఉంది. భర్త షరీఫ్ ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యాడు. ఆమె ఇంట్లో బట్టలు కుట్టేది. యాభై ఎనిమిదో ఏట సూదిలోకి దారం ఎక్కడం మానేసింది. ఆ తర్వాత పక్కల నుంచి మసక కమ్ముకొచ్చింది. దవాఖానలో నీటికాసులన్నారు. పోయిన చూపు తిరిగిరాదని, ఉన్నదాన్ని మందులతో కొన్నాళ్లు నిలపొచ్చని చెప్పారు. మూడేళ్లు నిలిచింది. ఆ పైన వెలుతురుందో లేదో తెలియడం తప్ప ఏమీ మిగల్లేదు.

అప్పుడే ఆమె కాలనీని చేతులతో చూడటం మొదలుపెట్టింది. సాయంత్రం నమాజు కాగానే గోడల వెంట నడిచేది. ఇన్నేళ్లూ కూరగాయల సంచీతో పక్కనుంచే వెళ్లిపోయిన బొమ్మలు వేళ్ల కింద మెల్లగా తెరుచుకున్నాయి. చేప పొలుసులు ఒకదాని మీదొకటి ఎక్కి చల్లగా తగిలేవి. జొన్నగింజలు పొద్దంతా తాగిన ఎండను ఇంకా పట్టుకుని ఉండేవి. చందమామ మధ్యలో చిన్న లోతు, అక్కడ అరచెయ్యి పెడితే నీళ్లలో పెట్టినట్టుండేది. నిద్రలో అవన్నీ రంగులతో వచ్చేవి. కలల్లో ఆమెకు చూపు పోలేదు.

ఒక ఆషాఢం మధ్యాహ్నం ఈదురుగాలి లేచింది. దుమ్ములో తొందరగా నడుస్తుంటే నున్నటి గోడ తగిలింది. ఇల్లొచ్చిందనుకుంది. మొదటి అంతస్తు ఎక్కి, తీసి ఉన్న తలుపులోంచి వెళ్లి మంచం మీద కూర్చుని, "జర నీళ్లియ్యుండ్రి" అంది షరీఫ్ అనుకుని. నీళ్లొచ్చాయి. సగం తాగాక, వంటింట్లో ఎవరో పోపు పెట్టిన వాసన. తమ ఇంట్లో మూడో మనిషి లేరు.

"ఇది మా ఇల్లు చాచీ. ఏం కాదు, కూసో" అంది పక్కనున్న మనిషి. చేప బ్లాకులో ఉండే స్వప్న, క్లినిక్‌లో నర్సు. రహమతున్నీసా వచ్చింది ఆ బ్లాకు వెనకవైపు మెట్ల నుంచి. అటువైపు గోడకు బొమ్మ లేదు.

రహమతున్నీసాకు నవ్వు రాలేదు. కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. "అందరిండ్లకు గుర్తున్నది బిడ్డా. మా గోడకే ఏం లేదు."

స్వప్న ఆమె చేతిలోంచి గ్లాసు అందుకుంది. "బొమ్మలు కాల్చినాయన ఝరాసంగం దిక్కు ఉన్నడంట. గురువారం నాకు సెలవు. పోదామా?"

అలా షేర్ ఆటోలో ఇద్దరూ గురులింగప్ప ఇంటికి వెళ్లారు. ఆయనకు డెబ్బై దాటాయి. ఇప్పుడు పూలకుండీలు, ప్రమిదలు చేస్తున్నాడు. వచ్చిన పని వినగానే ఆయన గొంతు తగ్గింది.

"ఆ పదకొండోది నా బట్టీలనే పగిలిందమ్మా. వానకు బట్టీ ఒక దిక్కు కూలింది. బొమ్మలు గీసిన మేడమ్ మళ్ల వస్తనన్నది, రాలే. నెమలి అది. ఎట్ల గీసిందో నాకింకా యాదికున్నది. చేసిస్త."

స్వప్న సంబరపడింది. రహమతున్నీసా మాత్రం తల అడ్డంగా ఊపింది.

"నేను నెమలిని ఎన్నడు ముట్టుకోలే అన్నా" అంది. "గోడ మీద ఉన్నా, నాకు అది నెమలని తెల్వది."

"మరేం కావాలె?"

"అల్లం. దినాం చేతుల పట్టుకునేది. ఒక్కటున్నట్టు ఇంకోటి ఉండది. ముట్టుకుంటే ఎవరిదో చెయ్యి పట్టుకున్నట్టుంటది. నేనే చేస్త, నువ్వు కాల్చు."

ఆయన ఒక మట్టిముద్ద తెచ్చి ఆమె ఒళ్లో పెట్టాడు.

నాలుగు నెలల గురువారాలు అలా గడిచాయి. మొదట చేసిన కొమ్ములన్నీ ఆరేలోపే బీటలు వారాయి. వెనకనుంచి మట్టి తోడి డొల్ల చెయ్యాలని ఆయన నేర్పాడు. అతుకులు మాత్రం ఆయన నేర్పక్కర్లేకపోయింది. రెండు గుడ్డలు కలిపి కుట్టినట్టే ఆమె మట్టిని మట్టితో కలిపేది. అల్లం కొమ్ములు పలక నుంచి పలకకు పాకి, వేళ్లు చాచి, మనిషి ఎత్తు పెరిగాయి.

"పసుపుపచ్చ పూద్దమా?" అడిగాడు గురులింగప్ప.

"నీలం."

"అల్లం నీలంగ ఉంటదా?"

"నా కలల ఉంటది."

బట్టీ తెరిచిన రోజు ఆమె చేతులు ముందుకు చాచింది. "ఎట్లొచ్చింది?"

"మంచి నీలం చాచీ" అంది స్వప్న.

గురులింగప్ప అబద్ధం ఆడలేకపోయాడు. "అంత నీలం కాలేదమ్మా. కొన్ని ఆకుపచ్చకు తిరిగినయి. ఒక మూలకు ఎర్రజీర వచ్చింది. అగ్గి దాని ఇష్టమొచ్చినట్టు చేసింది."

ఆమె ఇంకా వెచ్చగా ఉన్న పలకను చెంపకు ఆనించుకుంది. "ఫికర్ చెయ్యకు అన్నా. కలల గూడ రంగులు ఒక్క తీరుగ నిలబడయి."

గోడకు అతికించే పని షరీఫ్ తన మీద వేసుకున్నాడు. మేస్త్రీతో పోట్లాడి మరీ వరసలు సరిచూశాడు. అంతా అయిందన్నాక ఆమె వేళ్లతో తడిమి, పైనుంచి మూడో వరసలో రెండు పలకలు తారుమారయ్యాయంది. షరీఫ్ కాదన్నాడు, మళ్లీ చూశాడు, సిమెంటు ఆరకముందే ఊడదీయించాడు. నెల తిరక్కుండా ఆ బ్లాకు పేరు మారింది.

ఇప్పుడు గురులింగప్ప చేతులు వణుకుతున్నాయి. అందుకని ఆయన కుండీలకు మట్టి పిసికేది రహమతున్నీసానే. గురువారం మధ్యాహ్నం పని కాగానే ఆమె బట్టీ గోడకు ఆనుకుని ఒక కునుకు తీస్తుంది. వీపుకు నిన్నటి వేడి తగులుతుంది. ఆటో వచ్చి హారన్ కొడితే, స్వప్న బయటికి వెళ్లి జరసేపు ఆగమని చెప్పి వస్తుంది.