సుశీలక్క అర్రలో పదకొండుమందిమి

ఆమధ్య నా బిడ్డ బడిసంచి విప్పితే కొత్త డైరీలోంచి బంకవాసన, ప్లాస్టిక్ అట్ట వాసన కలిసి గుప్పుమన్నాయి. మొదటి పేజీలోనే ఎర్ర సిరాతో ఇంగ్లీషులో రాసి ఉంది: మీ అమ్మాయి చదవడంలో నెమ్మది, ఆమె వల్ల మిగతావాళ్లు ఆగవలసి వస్తోంది. జగిత్యాలలోని ఆ ప్రైవేటు స్కూల్లో ఒక్కో గదిలో యాభైమంది. ఏడేళ్ల పిల్ల కోసం ఒక్క నిమిషం ఆగడం వాళ్లకు అంత భారమైందా అని ఒళ్లు మండింది. ఆ మంట నాకు కొత్త కాదు.

నేను సిరిసిల్లలో పుట్టాను. నాన్న సాంచల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేసేవాడు, అమ్మ తునికాకు కత్తిరించి బీడీలు చుట్టేది. పొద్దున లేస్తే గల్లీ పొడుగునా సాంచల టకటకలు, ఆ చప్పుడును మించి గొంతెత్తి మాట్లాడుకునే పెద్దవాళ్లు, వాళ్ల మధ్య నత్తితో ఒక్క మాటను పట్టుకుని పాకులాడే నేను. మొదట వేసిన ప్రైవేటు స్కూల్లో పాఠం అప్పజెప్పలేక రోజూ గోడవైపు తిరిగి నిలబడేదాన్ని. ఒకరోజు సారు తరగతి మొత్తం చేత నాలాగే పలికించి, అందరితో పాటు తనూ నవ్వాడు. మర్నాటి నుంచి నేను ఆ గేటు దాటలేదు. ఇంట్లో చదువు చెప్పడానికి అమ్మకూ నాన్నకూ అక్షరం రాదు.

మా ఇంటికి మూడిళ్ల అవతల సుశీలక్క ఉండేది. టీచర్ ట్రైనింగ్ చేసింది. పిల్లల్ని కొట్టనన్నందుకు ఒక స్కూలువాళ్లు ఆమెను మాన్పించారు. అప్పటి నుంచి ఇంట్లోనే చదువు చెప్పేది, అమ్మ నన్ను అక్కడికే పంపింది. వాళ్ల ముందర అర్రలో, అంటే ముందుగదిలో, తాతలనాటి గుంటమగ్గం తీసేశాక దాని గుంత అట్లాగే మిగిలింది. ఆ గుంత చుట్టూ కాళ్లు లోపలికి వేలాడేసి పదకొండుమందిమి కూర్చునేవాళ్లం. ఆరేళ్లవాళ్ల నుంచి పన్నెండేళ్లవాళ్ల దాకా అందరం ఒకటే తరగతి. లెక్కలు రంగురంగుల నూలు పోగులతో చెప్పేది. వానాకాలం పెంకుల సందుల్లోంచి చుక్కలు పడితే పలకలు నెత్తిన పెట్టుకునేవాళ్లం. ఎండాకాలం మధ్యాహ్నాలు కుండనీళ్లు తాగి, చింతగింజలతో పచ్చీసు ఆడి, ఎవరి గింజలు ఎన్నో లెక్క రాసేవాళ్లం. బతుకమ్మ రోజుల్లో ఒక్కో ఇంటి నుంచి రొట్టె, బెల్లం కలిపి దంచిన మలీదముద్ద ఒక్కోటి వచ్చేది, బెల్లం వేళ్లకంటుకుని పుస్తకాల అంచులు చీమల పాలయ్యేవి.

నా మాట ఆగిపోయినప్పుడు పక్కవాళ్లు అందించబోతే సుశీలక్క ఒప్పుకునేది కాదు. “ఆగుండ్రి. మాట దానిది. అదే చెప్తది,” అనేది. పదిమంది పిల్లలు గుంతలో కాళ్లూపుకుంటూ ఆగేవాళ్లు. ఏడాది తిరిగేసరికి పాఠం మొత్తం చదవగలిగాను. నత్తి పోలేదు, భయం పోయింది.

రెండో వానాకాలంలో విద్యాశాఖ ఆఫీసరు ఒకాయన వచ్చాడు. ఎవరో అర్జీ పెట్టారట. చెప్పులు విప్పకుండా అర్రలోకి వచ్చి, “ఇది బడా, ఇల్లా? పర్మిషన్ ఏది?” అని అడిగాడు.

“పదకొండుమంది సదువుకునే జాగ సారూ. ఒకర్ని సదివించి సూడుండ్రి,” అంది సుశీలక్క.

ఆయన నావైపు వేలు చూపించాడు. నేను లేచి చదవడం మొదలుపెట్టాను. రెండో వాక్యంలో మాట చిక్కుకుంది. పిల్లలెవరూ కదల్లేదు. ఆఫీసరు గడియారం చూసుకుని, “చాలు చాలు, కూర్చో. మాట్లాడుడే రాదు, ఇంగ ఏం నేర్పిస్తున్నవమ్మా?” అన్నాడు.

నేను కూర్చోలేదు. పేజీ చివరిదాకా చదివాను. అప్పటికి ఆయన వాకిట్లో నిలబడి కాగితం రాస్తున్నాడు. వారంలో అర్ర మూతపడింది. పదకొండుమందిమి నాలుగు స్కూళ్లకు చెదిరిపోయాం. అరవైమంది ఉన్న తరగతిలో చివరి బెంచీ మీద కూర్చుని, పదో తరగతి దాకా అడిగితే తప్ప నేను నోరు తెరవలేదు. అనుమతి కావాలనడం తప్పని నేననను. మూసేముందు ఒక పేజీ వినే ఓపిక లేకపోవడమే నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

డైరీ చూసిన వారం నుంచి నా బిడ్డకు అట్లాంటి చోటు కోసం తిరిగాను. నేను ల్యాబులో పనిచేస్తాను, మా ఆయన దుబాయిలో ఉంటాడు, ఇంట్లో కూర్చోబెట్టి చెప్పే వీలు లేదు. కోరుట్లలో ఒకామె ఇంట్లో ఏడెనిమిదిమందికి చదువు చెప్తుందంటే పోయాను. “మానేసిన చెల్లె. యూనిఫాం లేకుంటే ఎవలూ పంపుతలేరు,” అందామె.

చివరికి సారంగాపూర్ దారిలో ఒక చిన్న ఊరి సర్కారు బడి కనిపించింది. ఒక్క టీచరు, తొమ్మిదిమంది పిల్లలు. పిల్లలు తక్కువని దాన్ని కూడా ఎత్తేస్తారని ఊరంతా అనుకుంటున్నారు. తక్కువమంది ఉన్నారనే నేను అక్కడికి వెళ్లాను. అదే దాని నేరమట. పేరు రాయిస్తుంటే గేటు దగ్గర ఒకాయన, “మేమే మా పిల్లలను తీసేస్తుంటె నువ్వు టౌను నుంచి తెచ్చి ఏస్తున్నవేందమ్మా?” అన్నాడు.

“పిల్లకోసం ఈడ జర ఆగుతరని, అన్నా,” అన్నాను.

ఇప్పుడు సిరిసిల్లలో మా గల్లీకి పొద్దున నాలుగు రంగుల స్కూలు బస్సులు వస్తాయి. పన్నెండేళ్ల పిల్ల ఆరేళ్ల పిల్లకు పలక మీద దిద్దించే ఇల్లు ఒక్కటీ లేదు. ఈ సర్కారు బడిలో నా బిడ్డ పదో పిల్ల. నిన్న ఆమె కథ చదివి వినిపించిందని టీచరు చెప్పాడు. ఎంతసేపు పట్టిందని అడిగితే, గడియారం చూసుకోలేదన్నాడు.